నిద్రపోని పదిహేడో బండి

మకాం 18వ రోజు

ఈ సందెవేళ మా పెన్నకు దీపం ఇచ్చారు.

ఈ ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేయమన్నా మూసేస్తాను. అంతకన్నా చెప్పాల్సింది నా దగ్గర ఏమీ లేదు. అయినా చెబుతాను.

దీపం అంటే చేతిలో ఇమిడే చిన్న పనిముట్టు. స్క్రూడ్రైవర్ లాంటి పిడి, పిడిలో బల్బు, కొనకు సూది, తోకలాగా ఒక వైరు, దాని చివర క్లిప్పు. క్లిప్పును బండి ఇనుముకు తగిలించి సూదిని వైరుకు గుచ్చితే, అందులో కరెంటు ఉంటే బల్బు వెలుగుతుంది. లేకపోతే లేదు. బస్సుల్లోనే కాపురాలుండే మా బండ్ల ఊరిలో నలభై రెండు బస్సులు. దీపం ఒకటే, అది అందుకున్నవాళ్లే మేస్త్రీ. పెద్దమేస్త్రీ నారాయణప్ప దాన్ని ముప్పై ఒక్క ఏళ్లు జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లు ఆరుగురు. ఆరుగురిలో నా కూతురి చేతిలో పెట్టాడు. నా కూతురు! ఇరవై ఆరేళ్ల పిల్ల!

బొరుగుల ఉగ్గాని చేయించి బండిబండికీ తిరిగి పంచాను. ముప్పై ఒకటో బండివాళ్లకు ఈ సంగతి మూడుసార్లు చెప్పానట. మూడోసారి కూడా వాళ్లు ఉగ్గాని తీసుకున్నారు కాబట్టి తప్పు నాదొక్కడిదే కాదు.

రాత్రి భోజనాల ముందు పెన్నను అడిగాను. "నాకూ నేర్పిస్తావా?"

"నీకా? డెబ్బై ఒకటేండ్లకా?"

"నువ్వు మేస్త్రీ అయ్యింది ఇప్పుడే గదమ్మా. అంతకుముందు ఎవరి కాడ నేర్చుకునేది?"

నవ్వింది. నేర్చుకునేవాడు రోజూ పుస్తకం రాయాలి, మేస్త్రీ దాన్ని చదవాలి, ఇది మా ఊరి కట్టుబాటు. "అయితే రాయి నాయనా. అన్నీ రాయి. ఏది పనికొస్తాదో ముందే తెలీదు" అంది.

నేను చదివింది ఐదో తరగతి. రాత తప్పులుంటే మన్నించాలి.

మకాం 19వ రోజు

మొదటి పాఠం. "రెండు బ్యాటరీలు కలిపి ఇరవై ఐదు వోల్టుల పైన ఉండల్ల. ఇరవై నాలుగున్నర అంటే సగం ఖాళీ. ఇరవై నాలుగుకు కిందికి పోతే ఇంజను తిరగదు." బండికి రెండు జతల బ్యాటరీలు ఉంటాయి. ఫ్యాన్లకు, నీళ్ల పంపుకు ఒక జత. దానికి ఎండే తిండి పెడుతుంది. ఇంజనును లేపేది ఇంకో జత. దాన్ని ఇంజనే నింపాలి. మకాంలో ఇంజన్లు తిరగవు కాబట్టి ఆ రెండో జతను కదిలించకుండా దాచుకోవాలి. పదిహేడో బండిది ఈరోజు నా చేత్తో కొలిచాను. 25.3.

నా పని కూడా రాయమంది. పగటి కాపలా నాది. ఎండల మకాంలో ఊరంతా పగలు నిద్రపోయి పొద్దువాలాక లేస్తుంది. నాలాంటి ముసలివాళ్లకు పగటినిద్ర రాదు కాబట్టి కర్ర మాకిస్తారు. తడి తువ్వాలు తలకు చుట్టుకుని, పాత టోల్‌గేటు రేకుల కింద నిలిపిన బండ్ల వెంట అరగంటకొకసారి తిరగాలి. ప్రతి బండినీ కర్రతో రెండు దెబ్బలు కొట్టాలి. లోపలినుంచి ఎవరో ఒకరు "ఉండాం" అనాలి. ఆ మాట విన్నాకే ముందుకు నడవాలి. ఏడేళ్ల కిందట ఇరవై ఆరో బండిలో ఫ్యాన్లు ఆగిపోయాయి. నిద్రలో ఉన్న తొమ్మిదిమందీ మళ్లీ లేవలేదు. కర్ర అప్పటినుంచి వచ్చింది.

పదిహేడోది వైద్యం బండి. నర్సు హనుమక్క అందులో ఉంటుంది. పనిముట్ల పెట్టె కూడా అందులోనే కాబట్టి నిన్నటినుంచి పెన్న మకాం అక్కడికి మారింది. పనిచేసి అలసి పడుకున్న పిల్లను అరగంటకొకసారి దబదబ బాది లేపబుద్ధి కాలేదు. అందుకని ఆ ఒక్క బండి దగ్గర కర్ర చంకలో పెట్టుకుని, తలుపు పిడి మీద అరచెయ్యి ఆనించి, తల్లీ అని మనసులో అనుకుని వచ్చేశాను. ఇలా పదహారు రౌండ్లు. పిడి కాలుతూనే ఉంది గానీ నాకు చల్లగా తోచింది.

మకాం 21వ రోజు

పదిహేడో బండి లేవలేదు.

సరిచూద్దామని పెన్న తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. పలుకుపెట్టె మాత్రం మాట్లాడింది. పాతకాలం బండ్లన్నిటిలో ఈ పెట్టె ఉంటుంది. వార్తలు చదివే ఆమె గొంతు. "బ్యాటరీ పాడైనది. దయచేసి అధీకృత సేవా కేంద్రాన్ని సంప్రదించండి." ఆ కేంద్రం ఎక్కడుందో, అసలు ఉందో లేదో మాలో ఎవరికీ తెలియదు.

కొలిస్తే 23.7.

"బ్యాటరీ పోయిందంటాంది గదమ్మా" అన్నాను.

"పెట్టె చెప్పేది ఇను, కాని నమ్మొద్దు. దానికి తెలిసిందే అది చెప్తాది. మనం వైరును అడగల్ల."

బ్యాటరీలు విప్పి, ఎండతో కరెంటు పట్టే ఎండబండి దగ్గర నింపి, తొమ్మిదో బండిలో పెట్టింది. తొమ్మిదో బండి ఒక్క తిప్పుకే లేచింది. తొమ్మిదోదాని బ్యాటరీలు తెచ్చి పదిహేడోదానిలో పెట్టింది. అంటే పాడైంది బ్యాటరీ కాదని తేలింది. ఎంత తేలిగ్గా తేల్చింది! నాకైతే రెండు బండ్లనూ పాడుచేశానని భయం వేసి ఉండేది.

"బండి చెడింది ఎప్పట్నుంచి? అప్పటికి ముందు, అప్పటికి తర్వాత ఏం మారింది? మొదట అడగాల్సింది ఇదే నాయనా, రాసుకో" అంది.

రాసుకున్నాను. ఆలోచించి చెప్పాను కూడా. "ఏమీ మారలేదమ్మా. నీకు దీపం వచ్చింది, అంతే."

"ఆ మాట రాయబాకు" అంది. అన్నీ రాయమంది కదా, రాశాను.

మకాం 24వ రోజు

మూడు రోజుల్లో 25.3 కాస్తా 24.2 అయింది. ఇంజను తిరిగింది గానీ ముక్కుతూ మూలుగుతూ తిరిగింది.

ఈరోజు పాఠం చాలా గొప్పది. కరెంటు వైరులో పోతుంది, తిరిగి బండి ఇనుము మీదుగా బ్యాటరీకి వస్తుంది. పోయే దారి బాగున్నా వచ్చే దారి చెడితే పని జరగదు. ఇంజనుకూ బండి చట్రానికీ మధ్య జడలాగా అల్లిన రాగి పట్టీ ఉంటుంది. మీటరు రెండు తీగల్నీ ఆ పట్టీకి అటూ ఇటూ పెట్టి, నన్ను తాళం తిప్పమంది. సున్నా దగ్గర ఉండాల్సిన చోట 0.9 చూపించింది. విప్పి చూస్తే కింద అంతా పచ్చని చిలుము. గరుకైన ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, మళ్లీ కొలిస్తే 0.1. ఇంజను పాడుతూ లేచింది.

మరమ్మతులు రాసే బండి పుస్తకంలో పెన్న మొదటి సంతకం పెట్టింది. లోపం: ఎర్తు పట్టీ. మరమ్మతు: శుభ్రం చేసి బిగించాను. కింద పేరు, పెన్నేశ్వరి. నేను ఆ పేజీని ఐదుసార్లు చూశాను. ఆరోసారి అడిగితే హనుమక్క పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుంది.

"సోమన్నా, చాలుపో. నీ చూపులకే సిరా ఆరిపోయింది" అంది.

ఈరోజు కూడా పదహారు రౌండ్లు. పిడి మీద చెయ్యి ఆనించినప్పుడు లోపల తల్లి నిద్రపోతోందని, ఆ తల్లి పేరు బండి పుస్తకంలో ఉందని తలచుకుంటే ఎండ తెలియలేదు.

మకాం 27వ రోజు

ముప్పై ఆరో రోజున ఊరు కదలాలి. ఆ తర్వాత నిప్పువారం. నిప్పువారంలో మైదానంలో మనిషి బతకడు, ఘాటెక్కి చల్లకొండ చేరాల్సిందే. ఘాటు రోడ్డు ఒక బండి పట్టేంతే. మధ్యలో ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి, పక్కనుంచి వైరేసి లేపడానికి ఇంకో బండికి చోటుండదు. అందుకని ఇరవై ఏడో రోజునుంచి మూడు రోజులకొకసారి సందెవేళ అన్ని బండ్లనూ లేపి చూస్తారు. ముప్పై ఆరున కదిలేటప్పుడు చూసేది నాలుగోసారి. మొత్తంమీద మూడుసార్లు లేవని బండిని మకాంలోనే వదిలేస్తారు. దాని సామాను, మనుషులు మిగతా బండ్లలోకి. చక్రాలు, వైర్లు విప్పుకోవచ్చు. బండి మాత్రం కొండెక్కదు.

ఈరోజు నలభై ఒక్క బండ్లు లేచాయి. పదిహేడోది లేవలేదు. 23.8.

పెన్న దిండు కింది పుస్తకం అడిగి తీసుకుని తన సంతకం పక్కన "లోపం ఇది కాదు" అని రాసింది. నారాయణప్ప చూస్తూనే ఉన్నాడు.

"పట్టీ చెడిన మాట నిజమేలేమ్మా. కాని దొరికిన ప్రతి దొంగా మన దొంగ కాదు" అన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఈసారి ఉగ్గాని లేదా సోమన్నా?" అన్నాడు.

లేదన్నాను.

మకాం 28వ రోజు

బ్యాటరీ మంచిదే, ఇంజను మంచిదే, మరి కరెంటు ఏమవుతోంది? ఎవరో తాగుతున్నారు. ఆ తాగేదాన్ని పట్టుకునే విద్య ఈరోజు నేర్పింది.

బండిలో చిన్న చిన్న పెట్టెలు ఇరవైకి పైగా ఉన్నాయి. తలుపులకొకటి, లైట్లకొకటి, పలుకుపెట్టెకొకటి. బండిని వదిలేసిన నలభై నిమిషాలకు అవన్నీ నిద్రపోతాయి. నిద్రలో కరెంటు తాగవు. కాబట్టి బ్యాటరీ తీగ విప్పి, మధ్యలో దీపాన్ని కలిపి, నలభై నిమిషాలు ఆగాలి. అప్పటికీ బల్బు వెలుగుతుంటే ఏదో మేలుకుని ఉన్నట్టు. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోవాలి. ఏది పీకితే బల్బు ఆరుతుందో దొంగ ఆ దారిలో ఉంటుంది.

సందెవేళ అందరినీ దింపి, తలుపేసి, ఇద్దరమూ బండి పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాం. దీపం వెలుగుతూ ఉంది. ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు, కదలొద్దు అంది. నలభై నిమిషాలు నా జీవితంలో ఎప్పుడూ అంత ఊరికే కూర్చోలేదు. తన మెడ వెనక చెమటకాయలు కనిపించాయి. చిన్నప్పుడు కూడా అక్కడే వచ్చేవి.

నలభై ఒకటో నిమిషంలో దీపం ఆరిపోయింది. పీకడానికి ఫ్యూజే లేదు. బండి చక్కగా నిద్రపోయింది. తాగేవాడు లేడు.

"మంచిదే గదా?" అన్నాను.

"కాదు నాయనా. జొరమొచ్చే మనిషికి వైద్యుని ముందర రాకుంటే మంచిదేం కాదు."

రెండుసార్లు చేసింది. రెండుసార్లూ ఆరిపోయింది.

మకాం 30వ రోజు

పదిహేడోది రెండోసారి లేవలేదు. 23.9. మిగిలింది ఒక్కసారే.

హనుమక్క మందుల చల్లపెట్టెను ఏ బండిలో పెట్టాలా అని ఒక్కొక్క బండికీ వెళ్లి చోటు కొలుస్తోంది. గొడవ చేయకుండా కొలుస్తోంది, అందుకే చూడలేకపోయాను. ఈ బండిలో పుట్టిన పిల్లలు పద్నాలుగుమంది, లోపలి రేకు మీద వాళ్ల పేర్లు గీసి ఉన్నాయి. పెన్న పేరు మొదటిది.

పెన్న నా పుస్తకం ఇమ్మంది. ఇచ్చాను. నాలుగు పేజీలు తిప్పి వెనక్కి ఇచ్చేసింది.

"దీంట్లో నా పేరు ముప్పై సార్లుండాది, వోల్టులు నాలుగుసార్లు. నా తల్లి, నా బంగారం... ఇది పని పుస్తకమా, పెళ్లిపత్రికా? రోజుకొకసారి వోల్టులు రాయి నాయనా. పై మూలన కనిపించేటట్టు రాయి. మిగతాది నేను చదవలేను."

సిగ్గేసింది. రేపటినుంచి అంకె పైన రాస్తాను.

మకాం 31వ రోజు. 25.3

నిన్న బ్యాటరీలు నింపారు. నాకు అరికాలు బొబ్బెక్కి చితికింది. హనుమక్క కట్టు కట్టి రెండు రోజులు నేల మీద పెట్టొద్దంది. కర్ర ఓబులేసుకు ఇచ్చారు. వాడు వయసులో ఉన్నవాడు, దెబ్బ కూడా గట్టిది. పదిహేడో బండిని కూడా దబదబ బాదాడు. పెన్న లోపలినుంచి "ఉండాం, బతికే ఉండాం, పోప్పా" అని అరవడం నా బండిలోకి వినిపించింది. పాపం, పడుకోనివ్వలేదు.

మకాం 32వ రోజు. 25.2

కాలు తగ్గుతోంది. పెన్నే కొలిచి, వచ్చి నా చేత అంకె రాయించి పోయింది.

మకాం 33వ రోజు. 24.8

కర్ర మళ్లీ నాకొచ్చింది. కుంటుతూనే పదహారు రౌండ్లు తిరిగాను. పిడి మీద చెయ్యి పెడితే రెండు రోజుల బెంగ తీరింది.

సందెవేళ మూడో పరీక్ష. పదిహేడో బండి లేచింది! ఇంజను చప్పుడు విని హనుమక్క చేతిలోని దుప్పట్లు కింద పడేసింది. నేను ఓబులేసును వాటేసుకున్నాను. వాడికి ఎందుకో తెలియదు.

నారాయణప్ప పుస్తకం చాపాడు. "లేచింది గదమ్మా. సంతకం పెట్టు."

"పెట్టను మేస్త్రీ. నేనేం చేసినాననీ? ఏమీ చేయకుండా బాగైంది, ఏమీ చేయకుండానే చెడతాది. ఘాటు మధ్యలో చెడితే?"

"ఇంక మూడు దినాలుండాది. అంతలోపల లోపం దొరక్కుంటే?"

"సంతకం లేని బండి కొండెక్కదు. మీరు చెప్పిందే గదా."

లేచిన బండిని తానే వదిలేస్తానంటోంది. నారాయణప్ప మాత్రం పుస్తకం మూసి జేబులో పెట్టుకుని నావైపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు.

మకాం 34వ రోజు. 24.3

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దు ఇంకా వాలలేదు. పన్నెండో రౌండు ముగించి వస్తుంటే పెన్న నా బండి మెట్టు మీద కూర్చుని నా పుస్తకం చదువుతోంది. నిద్రపోలేదు. వేలు పెట్టి ఒక్కొక్క వాక్యం చదువుతోంది. పెళ్లిపత్రిక అన్న పేజీలే.

"నాయనా, ముప్పై ఒకటి, ముప్పై రెండు. ఈ రెండు దినాలే వోల్టులు దిగలేదు. ఆ రెండు దినాలు ఏం మారింది?"

"నా కాలు చితికింది" అన్నాను.

"ఊఁ." పేజీలు వెనక్కి తిప్పి పంతొమ్మిదో రోజు దగ్గర ఆపింది. "ఇది నేను చదవలేదు. చదువుంటే పదిహైదు దినాలు మిగిలేవి."

పదిహేడో బండిలోంచి హనుమక్కను దింపింది, తలుపేసింది, బ్యాటరీ తీగ మధ్యలో దీపాన్ని కలిపి, వెలుగుతున్న బల్బును అందరికీ కనిపించేలా బండి పక్కకు వేలాడదీసింది. నలభై నిమిషాలు నిలబడ్డాం. నారాయణప్ప, ఓబులేసు కూడా వచ్చారు. దీపం ఆరిపోయింది. బండి నిద్రపోయింది.

"ఇప్పుడు రౌండుకు పో నాయనా. రోజూ ఎట్ల పోతావో అట్లనే. నేను చూస్తాండానని మార్చబాకు."

నేను పదహారో బండి కొట్టాను. "ఉండాం" అన్నారు. పదిహేడో బండి దగ్గరికి వచ్చాను. కర్ర చంకలో పెట్టుకున్నాను. పిడి మీద అరచెయ్యి ఆనించాను.

దీపం వెలిగింది.

చెయ్యి తీశాను. దీపం ఆరలేదు. ఎంత అందంగా వెలిగిందో! నా మీద నాకు కోపం రావడానికి ముందు నాకు ఆ వెలుగు చూసి సంతోషమే వేసింది, అది కూడా రాస్తున్నాను. మా పెన్న దొంగను పట్టుకుంది.

పిడిలో అరచేతిని పసిగట్టే ముక్క ఒకటి ఉందట. చెయ్యి తగలగానే యజమాని వచ్చాడనుకుని ఇరవై పెట్టెల్నీ లేపుతుంది. అవి మళ్లీ పడుకోవడానికి నలభై నిమిషాలు. నేను వచ్చేది అరగంటకొకసారి. లెక్క నేనే వేసుకున్నాను, ఐదో తరగతి చాలు. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం దాకా బండిని ఒక్క నిమిషం నిద్రపోనివ్వలేదు. కర్రతో రేకు మీద కొడితే దానికి తెలియదు. పరీక్ష పెట్టిన రెండుసార్లూ దీపం మళ్లీ వెలగలేదంటే, అప్పుడు నేను పెన్న పక్కన గోనెపట్టా మీద చేతులు ముడుచుకుని కూర్చుని ఉన్నాను కాబట్టే.

మకాం 35వ రోజు. నింపారు, 25.3

కదిలే ముందురోజు బండి పుస్తకాలన్నీ అందరి ముందు చదవాలి. ఏ బండికి ఏ లోపం, ఎందుకు వచ్చింది అని మేస్త్రీ మెట్టు మీద నిలబడి చెప్పాలి. నారాయణప్ప ఈసారి పెన్నను నిలబెట్టాడు.

చదవకముందు నా దగ్గరికి వచ్చింది. "నాయనా, నేను రాసింది రాసినట్టు చదువుతా."

"చదువమ్మా."

"కర్ర పోతాది నీది."

"గట్టిగా చదువు. వెనకున్నోళ్లకు ఇనపడదు."

చదివింది. పదిహేడో బండి. లోపం: ఇంజను బ్యాటరీ దిగిపోవడం. కారణం: కాపలాదారు సోమప్ప అరచెయ్యి, రోజుకు పదహారుసార్లు, పంతొమ్మిదో రోజునుంచి. అతను నాకు తండ్రి. నేను అతని పుస్తకాన్ని వేళకు చదవకపోవడం రెండో కారణం.

కొందరు నవ్వారు. నారాయణప్ప నవ్వలేదు.

"సోమన్నా, బండి సంగతి వదిలెయ్. కర్ర ఎందుకిచ్చినాము నీకు? 'ఉండాం' అన్నాకే గదా ముందుకు పోవాల్సింది. ఫ్యాన్లు నిలబడి నీ కూతురు పలకలేని దినం నువ్వేం చేసేవాడివి? పిడి ముట్టి, తల్లీ అనుకుని పోయేవాడివి."

ఈ పదహారు రోజులూ నా కూతురి నిద్ర కాపాడుతున్నానని అనుకున్నాను. నేను కాపాడనిది ఆ ఒక్క బండినే.

కర్రను ఓబులేసు చేతిలో పెట్టాను. ఈ ఎండకాలమంతా, వచ్చే ఎండకాలమంతా నాకు కాపలా లేదు. సరైన తీర్పు. ఇంత సరిగ్గా ఇచ్చినందుకు మా ఊరంటే నాకు ఇంకా ఇష్టం పెరిగింది. అందరి ముందు, కన్నతండ్రిని కారణం గడిలో రాసి చదివే మేస్త్రీ ఎన్ని ఊళ్లలో ఉంటుంది? ముప్పై ఒకటో బండివాళ్లను ఈ మాట అడిగాను. విన్నామన్నారు.

మరమ్మతు గడి మాత్రం ఖాళీగా ఉంది. రేపు రాస్తానంది.

మకాం 36వ రోజు. 25.3

పొద్దువాలుతుండగా నన్ను పదిహేడో బండికి పిలిచింది. తలుపు లోపలి అట్ట విప్పి ఉంది.

"మరమ్మతు ఏముందమ్మా ఇంక? నేను ముట్టకుంటే సరిపోతాది గదా" అన్నాను.

"నువ్వు ముట్టవని నేను సంతకం పెట్టలేను నాయనా. ఈ వైరు పట్టుకో."

పట్టుకున్నాను. పిడి వెనకనుంచి వచ్చే సన్నని వైరు, నీలం మీద తెల్లగీత. దాని కొక్కాన్ని విప్పి, కొనకు టేపు మూడు చుట్లు చుట్టి, పక్కకు మడిచి దారంతో కట్టింది. అట్ట బిగించింది. తాళంచెవితో తలుపు తీసి వేసి చూసింది. పనిచేస్తోంది. దీపాన్ని మధ్యలో కలిపింది. నలభై నిమిషాలకు ఆరిపోయింది.

"ముట్టు" అంది.

ముట్టాను. వెలగలేదు.

"మళ్లా ముట్టు. రోజూ ఎట్ల పెడతావో అట్లనే, అరచెయ్యి మొత్తం."

ఇరవైసార్లు ముట్టించింది. ప్రతిసారీ బల్బునే చూసింది, నావైపు చూడలేదు. ఇరవైసార్లూ వెలగలేదు. అప్పుడు పుస్తకం తీసి రాసింది. నా ముందే రాసింది కాబట్టి నేర్చుకునేవాడిగా ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

మరమ్మతు: తలుపు పిడికి వచ్చే వైరు విప్పి, టేపు చుట్టి, పక్కకు కట్టాను. ఇక దీన్ని ఎవరు ఎన్నిసార్లు ముట్టినా బండికి నష్టం లేదు. పెన్నేశ్వరి.

సందెవేళ నలభై రెండు బండ్లూ లేచాయి. పదిహేడోది ఒక్క తిప్పుకే లేచింది. పలుకుపెట్టె "మీ ప్రయాణం శుభప్రదమగుగాక" అంది. "ఇది నమ్మచ్చా?" అని హనుమక్క అడిగింది. పెన్న మీటరు చూసి, "ఇవాళ నమ్మచ్చు అత్తా" అంది.

బాగుచేసినవాళ్లు ఆ బండిలోనే మొదటి ప్రయాణం చేయాలన్నది మా కట్టుబాటు. వైరు పట్టుకున్నాను కాబట్టి నేనూ బాగుచేసినవాడినేనట. నన్ను కూడా ఎక్కమంది. ముందు ఓబులేసు వచ్చి కర్రతో రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. లోపలినుంచి పెన్న "ఉండాం" అంది. పెన్న అందులోకి మారాక ఆ బండి తలుపు బయట నిలబడి ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

విన్నాక, ఎక్కేముందు, పిడి మీద చెయ్యి పెట్టాను. ఇరవై ఒకటోసారి. ఇది రాయమని ఎవరూ చెప్పలేదు.